దిండు పక్కన ఫోను: నా అనుభవం

రాత్రి అందరూ నిద్రపోయాక ఫోనులో చూడకూడనివి చూసే అలవాటును మానుకోవాలని నేను ఎన్నోసార్లు కన్నీటితో ప్రార్థించి, వారం తిరగకముందే మళ్లీ అందులోనే పడేవాడిని. లోపం ప్రార్థనలో లేదు. ప్రార్థించి లేచి, అదే ఫోనును దిండు పక్కన పెట్టుకోవడంలో ఉంది.

మనిషి తన సొంత దురాశ చేతనే ఈడ్వబడతాడని బైబిల్లోని యాకోబు పత్రిక 1:14 చెబుతుంది కనుక, పడిపోయిన క్షణాన్ని కాక, దానికి అరగంట ముందు నాలో ఏమి జరిగిందో గమనించడం మొదలుపెట్టాను. దాదాపు ప్రతిసారీ అలసట, ఒంటరితనం, పగలంతా మింగుకున్న కోపం కనిపించాయి. (కోపానికీ దీనికీ సంబంధం ఉంటుందని నేను ఊహించనే లేదు.)

ఆదికాండము 39వ అధ్యాయంలో యజమాని భార్య తనతో పాపం చేయమని పట్టుకున్నప్పుడు, యోసేపు చివరి ఘడియలో వాదించలేదు, వస్త్రాన్ని ఆమె చేతిలోనే విడిచి పారిపోయాడు. నేనూ రాత్రి 9 గంటలకే ఫోనును వేరే గదిలో ఉంచి, ఉదయం లేవడానికి మామూలు అలారం గడియారం పెట్టుకున్నాను.

అన్నిటికన్నా కష్టమైనది సంఘంలోని ఒక పెద్దాయనతో నోరు విప్పి చెప్పడం. ఆయన ఉపదేశమేమీ చేయక, ప్రతి శనివారం ఒకే ప్రశ్న అడుగుతానన్నారు. ఆ తరువాత రెండుసార్లు పడ్డాను, రెండుసార్లూ ఆయనకు చెప్పాను. నాలుగు నెలలుగా ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబిస్తున్నాను. ఫోను మాత్రం ఇంకా ఆ గదిలోనే ఉంటోంది.