పాత హీటర్లు, ఇస్త్రీ పెట్టెలతో ఇంట్లో నిప్పు అంటుకోకుండా ఎలా చూసుకోవాలి?

ధనుర్మాసం చలి మొదలైందంటే కోనసీమ ఇళ్ళలో అటక మీది వాటర్ హీటరు రాడ్డు కిందికి దిగుతుంది. ఏడాదంతా కొబ్బరి డొక్కల పక్కనో, పాత బిందెల మధ్యనో పడి ఉన్న దానికి సంక్రాంతికి అల్లుళ్ళు, మనవలు దిగేసరికి తెల్లవారుజాము నుంచే డ్యూటీ. పెరట్లో డొక్కలు మండించి డేగిసాలో నీళ్ళు కాచే ఓపిక ఇప్పుడు చాలామందికి లేదు. ఆ రాడ్డుతో పాటు పాత గీజరు, బరువు ఇస్త్రీ పెట్టె, కాయిల్ పొయ్యి (పైకి కనిపించే తీగచుట్ట ఎర్రగా కాలే కరెంటు పొయ్యి) కూడా ఉంటే పండగ హడావిడి మొదలవకముందే ఒక పూట కేటాయించి వీటిని చూసుకోండి.

ముందు ప్లగ్గు, తర్వాతే హీటరు

పాత హీటరు అనగానే అందరూ హీటరునే అనుమానిస్తారు. నిప్పు మాత్రం చాలాసార్లు ప్లగ్గు దగ్గరో, సాకెట్టు లోపలో, వైరు అతుకు దగ్గరో పుడుతుంది. అందుకే పరీక్ష అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ప్లగ్గు బయటికి తీసి పిన్నులు చూడండి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి ఇత్తడి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట కరెంటు సాఫీగా పారదు, ఆ చోటే వేడెక్కుతుంది. లెక్క చూడండి. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పిన్ను దగ్గర అర ఓం అడ్డు ఉన్నా చాలు, అక్కడ 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవాళ్ళ చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకంటే ఎక్కువ వేడి మీ గోడలోని ప్లాస్టిక్ సాకెట్టు లోపల పుడుతోందన్నమాట.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ రకం వేడికి ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్చు) పడిపోదు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) కూడా పడిపోదు. కరెంటు మామూలుగానే పారుతోంది, బయటికి లీకవడం లేదు, కాబట్టి వాటికి తప్పేమీ కనపడదు. కనిపెట్టాల్సింది మన కళ్ళు, చెయ్యి, ముక్కే. పిన్ను నల్లబడిందా, సాకెట్టు చిల్లు చుట్టూ గోధుమరంగు మచ్చ వచ్చిందా, ప్లాస్టిక్ కాస్త వంగిందా చూడండి. స్విచ్చుబోర్డులోని కొన్ని రకాల ప్లాస్టిక్ కాలేటప్పుడు చేపల నీచు లాంటి వాసన వస్తుంది. మన ప్రాంతంలో ఆ వాసన వస్తే పక్కింటి వంటింటి మీదికి నెట్టేసే ప్రమాదం ఉంది. వంట లేని వేళ ఆ వాసన తగిలితే బోర్డుల దగ్గరికి వెళ్ళి చూడండి.

మచ్చపడిన సాకెట్టును గీకి, తుడిచి వాడకండి, మార్పించండి. లోపలి స్ప్రింగు రేకు ఒకసారి వేడికి సడలితే మళ్ళీ బిగుసుకోదు. ప్లగ్గు లేకుండా రెండు వైర్లు సాకెట్టులో దోపి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. పుల్ల కదిలినప్పుడల్లా లోపల నిప్పురవ్వే. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, మానేయండి.

బోర్డు, వైరు తట్టుకుంటాయా?

ఫ్యాను, టీవీ పెట్టే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 1500 వాట్ల రాడ్డుకు ఆరున్నర ఆంపియర్లు కావాలి. అంటే దానికీ, గీజరుకీ 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, బోర్డు నుంచి విడిగా కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి. పాత పెంకుటిళ్ళలో అల్యూమినియం వైరింగ్ ఉంటే అతుకులు, స్క్రూలు త్వరగా వదులవుతాయి, ఆ లైను మీద హీటరు వద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కూడా వద్దు. పాత కటౌట్లలో (ఫ్యూజు తీగ కట్టే పింగాణీ పెట్టెల్లో) ఫ్యూజు పదేపదే పోతోందని మందపాటి రాగి తీగ కట్టారేమో చూడండి. అలా కడితే ఫ్యూజు కరిగేలోపు గోడలో వైరు కరుగుతుంది.

ఏడాది తర్వాత మొదటిసారి పెట్టినప్పుడు ఆర్‌సీసీబీ ఠక్కున పడిపోతే దాన్ని తిట్టుకోకండి. రాడ్డు లోపల వేడెక్కే తీగచుట్ట చుట్టూ తెల్లటి మెగ్నీషియం ఆక్సైడు పొడి నింపి ఉంటుంది. డెల్టా చెమ్మకు, సీలు పాడైన పాత రాడ్డులో ఆ పొడి తేమ పీల్చి కరెంటు లీకు చేస్తుంది. ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టు లైను ఇచ్చే ఘనులు ఉంటారు, ఒప్పుకోకండి. ఎలక్ట్రీషియనుతో ఇన్సులేషన్ పరీక్ష (కరెంటు లీకవుతోందేమో చూసేది) చేయించి, అందులో నెగ్గకపోతే రాడ్డే మార్చండి.

పదిహేను నిమిషాల పరీక్ష

పైవన్నీ బాగున్నాయనుకున్నాక రాడ్డును నీళ్ళ బకెట్లో పెట్టి స్విచ్చు వేసి 15 నిమిషాలు దగ్గరే ఉండండి. తర్వాత స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, పొడి చేతి వేలితో పిన్నును మెల్లగా తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్టో, ప్లగ్గో పోయినట్టే. వైరు పొడవునా కూడా తడమండి. ఒకచోట మాత్రమే వేడిగా ఉంటే లోపల కొన్ని పోగులు తెగాయి.

ఒక్కోదాన్నీ ఎలా వాడాలి?

రాడ్డును బకెట్టు మీద అడ్డంగా పెట్టిన ఎండు కర్రకు తగిలించండి, అడుగుకీ అంచుకీ తగలకూడదు. దాని మీది కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్యే నీళ్ళుండాలి. 20 లీటర్ల నీళ్ళను స్నానానికి సరిపోయేలా కాచడానికి 1500 వాట్ల రాడ్డుకు సుమారు 20 నిమిషాలు పడుతుంది, ఫోనులో అలారం పెట్టుకోండి. మరిచిపోతే గంట దాటాక నీళ్ళు మరగడం మొదలై, గంటకు రెండు లీటర్లకు పైగా ఆవిరైపోతాయి. రాడ్డు నీళ్ళలోంచి బయటపడి ఎర్రబడి ప్లాస్టిక్ బకెట్టుకు అంటుకునేది అప్పుడే. బోరునీళ్ళ ఉప్పు పేరుకున్న రాడ్డు లోపల ఇంకా ఎక్కువ కాలుతుంది, పొర మందమైతే వాడకం ఆపండి. నీళ్ళు కాగాయేమోనని చెయ్యి పెట్టేముందు స్విచ్చు ఆపి ప్లగ్గు పీకాలన్నది పిల్లలక్కూడా చెప్పాలి.

గీజరులో నీళ్ళు కాగాక దీపం దానంతటది ఆరాలి. ఎంతసేపైనా ఆరకపోతే థర్మోస్టాట్ (వేడి చాలగానే కరెంటు ఆపే భాగం) ఇరుక్కుంది, మెకానిక్కు చూసేదాకా స్విచ్చు వేయవద్దు. లోపలి ఒత్తిడిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు ఉప్పుకు మూసుకుపోయిందేమో కూడా అప్పుడే చూపించండి.

ఇస్త్రీ పెట్టెతో అసలు గండం కరెంటు పోయినప్పుడు. చొక్కా సగం ఇస్త్రీ అయ్యేసరికి కరెంటు పోతుంది. పెట్టె పరుపు మీది బట్టపైనే ఉంటుంది, మనం స్విచ్చు తీయకుండా వీధిలోకి వెళ్ళి కబుర్లలో పడతాం. కరెంటు వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. అందుకని కరెంటు పోగానే ముందు ప్లగ్గు పీకడం అలవాటు చేసుకోండి, ఆ తర్వాతే టార్చి వెతకండి. పాత పెట్టెల నూలు అల్లిక వైరు మెడ దగ్గర చీలుతుంది, దానికి టేపు చుట్టి నెట్టుకురావద్దు.

కాయిల్ పొయ్యి విషయంలో నా మాట ఒక్కటే, తీసేయండి. తెగిన చుట్టను మెలేసి కలిపిన ప్రతిసారీ చుట్ట పొట్టిదై మరింత కరెంటు లాగుతుంది, ఆ ముడి దగ్గరే మెరుపులొస్తాయి.

ఇంకో రెండు మాటలు. లో వోల్టేజీకి హీటరు కాలిపోదు, నీళ్ళు ఆలస్యంగా కాగుతాయంతే. ఎక్కువ వోల్టేజీతోనే జాగ్రత్త. అలాగే తాటాకు పంచ కింద, గడ్డిమేటు పక్కన, కొబ్బరి పీచు ఉన్న చోట వీటిలో ఏదీ పెట్టకండి.

అంటుకుంటే ఏం చేయాలి?

ముందు మెయిన్ ఆపండి. కరెంటు ఉండగా నీళ్ళు చల్లొద్దు. మంట చిన్నదైతే, మెయిన్ ఆగాక పొడి ఇసుకో, మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరో వాడండి. సింథటిక్ దుప్పటి కప్పకండి, అది కరిగి అంటుకుంటుంది. అరనిమిషంలో లొంగకపోతే తలుపు దగ్గరగా వేసి అందరూ బయటికి వచ్చి 101కి గాని 112కి గాని ఫోన్ చేయండి. మెయిన్ అందకపోతే కరెంటు వాళ్ళకు 1912. తాటాకు కప్పు అంటుకుంటే సామాన్ల కోసం లోపలికి వెళ్ళకండి. పంటు (బళ్ళను ఏరు దాటించే పడవ) ఎక్కి రావాల్సిన గోదావరి లంకల్లో ఫైరింజనుకు ఆలస్యం కావచ్చు, అక్కడ ఇసుక బకెట్లు ముందే నింపి ఉంచుకోవడం మంచిది.

2022 జూలై వరద లాంటి ముంపులో మునిగిన హీటరు ఎండలో ఎంత ఆరినా లోపల ఒండ్రు పోదు, దాన్ని మళ్ళీ ప్లగ్గులో పెట్టకండి. పారేసేవాటిని పాత ఇనుప సామాన్ల వాడికి వేసేముందు ప్లగ్గు దగ్గర వైరు కత్తిరించండి, లేకపోతే ఇంకెవరో పనిచేస్తుందేమోనని పెట్టి చూస్తారు.