మొదటి మీటింగ్ కంటే రెండోది ముఖ్యం: నెల్లూరు, ఒంగోలు వైపు ఏఏకి వెళ్లాలనుకునేవాళ్లకి

తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని తమ సంగతులు చెప్పుకునే ఏఏ మీటింగ్ వెతుక్కునే ముందు ఒంటి సంగతి చూసుకోవాలి. పొద్దున్నే చుక్క పడితేగానీ చేతుల వణుకు ఆగని మనిషి ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం. ఆఖరి గ్లాసు దిగిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనబడటం, తికమక, జ్వరం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. అలాంటివాళ్లు ముందు నెల్లూరులోనో ఒంగోలులోనో ప్రభుత్వ పెద్దాసుపత్రికెళ్లి మానసిక వైద్యుణ్ణి కలవాలి. రోజుకెంత తాగుతున్నారో, ఆఖరిసారి ఎప్పుడు తాగారో దాచకుండా చెప్పాలి. క్వార్టర్ తాగి పెగ్గని చెబితే డాక్టరిచ్చే మోతాదు తప్పుతుంది. ఫిట్స్ వస్తే ఆలోచించకుండా 108కి చేయండి. మీటింగ్ వైద్యానికి తోడే గానీ బదులు కాదు.

ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ అనే మాటలో ఏఏ, 1935లో అమెరికాలో మొదలైంది. ఫీజు లేదు, దరఖాస్తు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే షరతు. మానేశాకే రావాలన్న నియమం లేదు. ఏ మతమైనా ఫర్వాలేదు, దేవుణ్ణి నమ్మకపోయినా ఫర్వాలేదు.

మీటింగ్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఏఏ ఇండియా వెబ్‌సైటులో చూడొచ్చు, ఆసుపత్రి మానసిక విభాగంలో అడగొచ్చు. వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైను 14446. మనసు బాగా కుంగిపోయి ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలిమానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితమే. చిరునామా దొరగ్గానే బయల్దేరొద్దు. చిన్న గ్రూపులు గదులు మారుతుంటాయి, పాత జాబితాలు అలాగే తిరుగుతుంటాయి. ఏ రోజు, ఎన్నింటికి, ఏ గదిలో, తెలుగులోనేనా, అక్కడికొచ్చాక ఎవరికి ఫోను చేయాలి అని అడిగి రాసుకోండి. ఆ రోజు మధ్యాహ్నం మరోసారి చేసి కనుక్కోండి. మీటింగులు చాలాచోట్ల చర్చి ఆవరణలోనో బడి గదిలోనో జరుగుతాయి. బయట బోర్డు ఉండకపోవచ్చు, వాచ్‌మన్‌కి తెలియకపోవచ్చు. గేటు దగ్గరి నుంచే వెనక్కెళ్లిపోయేవాళ్లు ఎక్కువ, అందుకే ఆ నంబరు అంత అవసరం.

ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అనీ అడగండి. ఓపెన్‌కి భార్యనో అన్ననో వెంట తీసుకెళ్లొచ్చు. క్లోజ్డ్‌కి తాగుడు సమస్య ఉన్నవాళ్లే రావాలి.

మీటింగ్ గంట, గంటన్నర ఉంటుంది. ఉదయగిరి, కనిగిరి లాంటి చోట్ల నుంచి వచ్చేవాళ్లు తిరుగు బస్సు చూసుకున్నాకే బయల్దేరాలి. బస్టాండులో బస్సు కోసం కూర్చునే ఖాళీ సమయమే బ్రాందీ షాపు వైపు లాగుతుంది. వచ్చే దారి కూడా షాపు లేని వీధిలోంచి పెట్టుకోండి. కడుపు నింపుకుని రండి, ఆకలి మీద తాగాలన్న యావ పెరుగుతుంది.

లోపల ఒకరు మీటింగ్ నడుపుతారు, కొంత చదువుతారు, తర్వాత ఒక్కొక్కరు తమ సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. మీ వంతొస్తే అసలు పేరే చెప్పాలని లేదు. "ఈరోజు వింటాను" అంటే చాలు. చందా సంచి తిరిగినప్పుడు పదో ఇరవయ్యో వేయొచ్చు, కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ ఏమనుకోరు. తెలిసినవాళ్లు కనబడితే పరువు పోతుందన్న భయం మన ఊళ్లలో సహజం. కానీ అక్కడ కనబడే మనిషీ అదే బాధతో వచ్చాడు. ఎవరిని చూశారో, ఏం విన్నారో బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే కట్టుబాటు.

మొదటి రోజు ఎక్కువగా జరిగే పొరపాటు పోల్చుకోవడం. "ఆయనకి ఉద్యోగం పోయింది, నాకింకా పోలేదు, నేనంత తాగుబోతుని కాదు" అనుకుని లేచొచ్చేస్తారు. వాళ్ల నష్టాన్ని కాదు, మొదటి గ్లాసు తర్వాత చెయ్యి ఆగకపోవడాన్ని వినండి. ఇంకో సంగతి: గదిలో నలుగురే ఉండొచ్చు, ఒకరి మాట నచ్చకపోవచ్చు. కనీసం ఆరు మీటింగులు వెళ్లాకే తేల్చుకోమని మేం గట్టిగా చెబుతాం. అయిపోగానే వెళ్లిపోకుండా టీ తాగుతూ ఇద్దరి నంబర్లు తీసుకోండి. రాత్రి యావ పుట్టేదాకా ఆగకుండా మర్నాడే ఒకసారి పలకరించండి. ఒకసారి మాట్లాడిన నంబరుకే కష్టంలో చెయ్యి వెళుతుంది. కొన్నాళ్లు చూసి, ఏడాదికి పైగా తాగకుండా ఉన్నవాళ్లలో ఒకరిని స్పాన్సరుగా, అంటే మానే దారిలో వెన్నంటి ఉండే తోడుగా, ఉండమని అడగండి. మామూలుగా మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు. డబ్బు మాత్రం అప్పు ఇవ్వొద్దు, అడగొద్దు.

దగ్గర్లో గ్రూపు లేనివాళ్లకీ, రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లకీ జూమ్ మీటింగులున్నాయి. చేరే ముందు తెరమీద కనబడే పేరు మార్చుకోండి, లేకపోతే ఫోనులో ఉన్న పూర్తి పేరు అందరికీ కనబడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. పొగాకు వేలం డబ్బో చెరువు పట్టిన డబ్బో చేతికొచ్చే రోజుకి మీటింగ్ ముందే ఖాయం చేసుకోండి.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ ప్రాంతం ఇది. ఇంట్లోవాళ్లు ఎంత ఓర్చుకుంటారో చెప్పక్కర్లేదు. వాళ్లకోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, తాగే మనిషి రాకపోయినా వెళ్లొచ్చు. ఒక్క పని మాత్రం చేయొద్దు: తాగే మనిషికి తెలియకుండా అన్నంలో, కూరలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర పొడి కలపడం. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, రక్తపోటు పడిపోతుంది, చనిపోయే ప్రమాదమూ ఉంది. ఆ మాత్ర డాక్టరు చెప్పాక, మనిషికి తెలిసే వాడాలి.

మధ్యలో మళ్లీ తాగితే వారం ముఖం చాటేయకండి. తర్వాతి మీటింగుకే వెళ్లి, "మళ్లీ తాగాను" అని చెప్పి కుర్చీలో కూర్చోండి.