వృత్త వైశాల్యం తప్పు వస్తోందా? పొరపాటు ఎక్కడో ఆ జవాబే చెబుతుంది

వృత్త వైశాల్యానికి సూత్రం చిన్నదే: వ్యాసార్ధాన్ని వ్యాసార్ధంతో గుణించి, వచ్చినదాన్ని పై (π)తో గుణించాలి. ఇంత చిన్న సూత్రంలోనూ తప్పులు దొర్లుతాయి గాని, అవి ఎలా పడితే అలా దొర్లవు. ఒక్కో పొరపాటు జవాబును ఒక్కో నిష్పత్తిలో మారుస్తుంది కనుక, మనకు వచ్చిన జవాబును సరైన జవాబుతో భాగించి చూస్తే తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో చాలాసార్లు తేలిపోతుంది. ఉదాహరణకు 14 సెంటీమీటర్ల వ్యాసం, అంటే 7 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని తీసుకుందాం. పై విలువను 22/7గా తీసుకుంటే దాని వైశాల్యం 154 చదరపు సెంటీమీటర్లు.

154కు బదులు 616 వస్తే

ఇది సరిగ్గా నాలుగు రెట్లు. సూత్రంలో వ్యాసార్ధం ఉండవలసిన చోట వ్యాసాన్ని వేశారు. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే, ఎందుకంటే చేతికి దొరికే కొలత సాధారణంగా వ్యాసమే. పళ్లేనికైనా గొట్టానికైనా ఈ అంచు నుంచి ఆ అంచుకే కొలుస్తాం. దీనికి మందు తెలుగు మాటలోనే ఉంది: వ్యాసంలో అర్ధం, అంటే సగం, వ్యాసార్ధం. (దీన్ని ‘వ్యాసార్థం’ అని రాసేవారూ ఉన్నారు. ఆ ఒత్తు మారగానే సగం కాస్తా పోయి, వ్యాసానికి అర్థం చెబుతున్నట్టు ధ్వనిస్తుంది.)

ఈ తప్పును జవాబు పుస్తకం లేకుండానే పట్టుకోవచ్చు. వృత్తం చుట్టూ దాన్ని తాకుతూ ఒక చతురస్రం గీశామనుకోండి. దాని భుజం 14, వైశాల్యం 196. లోపలి వృత్తం బయటి చతురస్రం కంటే పెద్దది కాలేదు కనుక 616 అన్నది అసంభవం. వృత్తం ఎప్పుడూ ఆ చతురస్రంలో ముప్పాతిక కంటే కొంచెం ఎక్కువ, దాదాపు 78.5 శాతం ఉంటుంది.

308 వస్తే

రెండు రెట్లు వచ్చిందంటే, వ్యాసాన్ని సగం చేయాలని గుర్తుంది గాని ఆ పని ఆలస్యంగా జరిగింది: ముందు 14ను వర్గం చేసి, ఆ 196ను సగం చేశారు. సగం చేయడం వర్గం చేయడానికి ముందే జరగాలి. వ్యాసంతోనే లెక్క సాగించాలనుకునేవారు వ్యాస వర్గాన్ని పైతో గుణించి 4తో భాగించాలి, 2తో కాదు.

44 వస్తే

ఈ జవాబుకు రెండు దారులున్నాయి. వైశాల్యానికి బదులు పరిధి సూత్రం వేసి ఉండవచ్చు; లేదా 7 వర్గం అంటే 49 అనుకోవడానికి బదులు రెండేళ్లు పద్నాలుగు అనుకుని ఉండవచ్చు. రెండూ ఒకే అంకెకు చేరుస్తాయి కనుక నోటుబుక్కులో దానికి ముందు వరుస చూస్తేగాని ఏది జరిగిందో తెలియదు. వ్యాసార్ధం 2 అయినప్పుడు పరిధికీ వైశాల్యానికీ అంకె ఒక్కటే వస్తుంది కనుక, ఆ కొలతతో లెక్క ఇస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు.

484 వస్తే

ఇక్కడ నిష్పత్తి 22/7, అంటే పై ఒకసారి అదనంగా చేరింది. ఫోన్ కాలిక్యులేటర్‌లో ముందు పైని 7తో గుణించి, వచ్చిన 22ను వర్గం చేస్తే ఇలా అవుతుంది. వర్గం వ్యాసార్ధానికే గాని పైకి కాదు; ముందు 7ను 7తో గుణించి, ఆ తరువాతే పైని ముట్టుకోవాలి.

జవాబు కొద్దిగా తేడాగా, 153.86 వస్తే

ఇది తప్పు కాదు. పై విలువను 3.14గా తీసుకున్నారు, అంతే. అసలు పై కంటే 3.14 కాస్త తక్కువ, 22/7 కాస్త ఎక్కువ. నిజమైన వైశాల్యం రెండింటి నడుమ 153.94 దగ్గర ఉంటుంది. క్రీ.శ. 499 నాటి గణితంలో ఆర్యభటుడు 20000 వ్యాసానికి 62832 పరిధి అని చెబుతూ, అది కూడా ‘ఆసన్నం’, అంటే దగ్గరి విలువ మాత్రమే అన్నాడు. పరిధిలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణిస్తే వృత్త ఫలం వస్తుందన్న ఆయన సూత్రం ఇప్పటికీ మంచి సరిచూపు: 22ను 7తో గుణిస్తే 154.

యూనిట్లు మార్చాక జవాబు వంద రెట్లు వస్తే

వ్యాసార్ధం 70 సెంటీమీటర్లయితే వైశాల్యం 15400 చదరపు సెంటీమీటర్లు. దాన్ని చదరపు మీటర్లలోకి మార్చడానికి 100తో భాగిస్తే 154 వస్తుంది. నిజానికి 10000తో భాగించాలి, జవాబు 1.54. ముందే 70ని 0.7 మీటర్లుగా రాసుకుంటే ఈ చిక్కే రాదు.

లెక్క సరిగ్గా ఉన్నా వాస్తవానికి సరిపోకపోతే

అప్పుడు తప్పు కాగితం మీద లేదు, టేపులో ఉంది. కేంద్రం గుండా పోని కొలత వ్యాసం కాదు, జ్యా మాత్రమే. అది వ్యాసం కంటే పదో వంతు తక్కువైతే, వర్గం చేయడం వల్ల వైశాల్యం దాదాపు అయిదో వంతు తగ్గిపోతుంది. టేపు కొనను ఒక అంచున కదలకుండా పట్టుకుని, రెండో వైపును ఎదుటి అంచు వెంట నెమ్మదిగా జరపండి. అంకె పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగి మళ్లీ తగ్గడం మొదలుపెడుతుంది. ఆ ఆగిన అంకే వ్యాసం. చెట్టు మొదలులాగా అడ్డంగా కొలవడానికి వీలులేని వాటికి చుట్టూ తాడు చుట్టాలి. తాడు 88 సెంటీమీటర్లు వస్తే, 22/7తో భాగించగా వ్యాసం 28, వ్యాసార్ధం 14, వైశాల్యం 616.

బావి వరల దగ్గర మరో మోసం ఉంది. బయటి నుంచి కొలిస్తే 4 అడుగులుండే సిమెంటు వర గోడ మందం 2 అంగుళాలైతే, రెండు వైపులా కలిపి 4 అంగుళాలు పోయి లోపలి వ్యాసం 44 అంగుళాలే మిగులుతుంది. నీరు నిలిచే వైశాల్యం బయటి కొలతతో వేసిన లెక్క కంటే 16 శాతం తక్కువ. నీటి లెక్కకు టేపును వర లోపలి అంచుకే ఆనించాలి.