గెట్టిస్‌బర్గ్‌లో గోడలు చదవాలంటే

అమెరికాలో పెన్సిల్వేనియాలోని గెట్టిస్‌బర్గ్ వెళ్లే మనవాళ్లు చాలామంది కార్లోంచే ఫిరంగులు చూసి తిరిగొచ్చేస్తారు. 1863 జులై 1–3 మధ్య, అమెరికా అంతర్యుద్ధంలో ఇక్కడ పోరు జరిగినప్పుడు, ఊరి జనం ఎలా బతికారో తెలియాలంటే బాల్టిమోర్ స్ట్రీట్‌లో నడవాలి. లింకన్ స్క్వేర్ నుంచి దక్షిణంగా జెన్నీ వేడ్ ఇంటిదాకా సుమారు కిలోమీటరు. దారిలో ఫార్న్స్‌వర్త్ హౌస్ దాటాక ఆగి వెనక్కి తిరగండి. తూటా గుంతలు దక్షిణపు గోడకే ఉన్నాయి, ముందుకే చూస్తూ పోతే కనబడవు. అటకలో దాక్కున్న దక్షిణాది సైనికుల మీదికి సెమెటరీ హిల్ వైపు నుంచి యూనియన్ (ఉత్తరాది) దళాలు కాల్చాయి మరి! రొట్టెల పిండి కలుపుతుండగా తూటాకు బలైన జెన్నీది నిజానికి ఆమె పేరుతో పిలిచే ఆ ఇల్లు కాదు, అక్కది. ఇదే వీధిలో మ్యూజియంగా ఉన్న ష్రైవర్ ఇంటి అటకకు మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి.