పాత డెస్క్‌టాప్ మొరాయిస్తోందా? ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

పాత కంప్యూటర్ స్లో అయిందని చెప్పగానే ‘ర్యామ్ వేయించు’ అనే సలహా వస్తుంది. అది ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి డబ్బు దండగ. ఎప్పుడు, ఏ పని చేస్తుంటే స్లో అవుతోందో ముందు పట్టుకోవాలి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచిపెట్టి, మిమ్మల్ని విసిగిస్తున్న ఆ పనే మళ్లీ చేయండి. సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్, జీపీయూ (గ్రాఫిక్స్) గ్రాఫుల్లో ఏది పైదాకా వెళ్లి అక్కడే ఆగిపోతోందో చూడండి. ఖర్చు పెట్టాల్సింది దాని మీదే. మిగతావి ఎంత పాతవైనా ప్రస్తుతానికి వాటి జోలికి పోనక్కర్లేదు.

సమస్య: ఆన్ అవడానికే నిమిషాలు పడుతోంది, ఏది క్లిక్ చేసినా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది

కారణం: సిస్టమ్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంది, కానీ కింద రీడ్ స్పీడ్ చూస్తే సెకనుకు ఒకటి రెండు ఎంబీలే ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు చదవాలి. ప్రతి ఫైలుకీ డిస్క్‌లోని హెడ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలాలి, పళ్లెం తిరిగి ఆ చోటు హెడ్ కిందికి రావాలి. సమయమంతా ఆ కదలికకే పోతుంది. డేటాని చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు.

పరిష్కారం: సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కి వాడే కేబుల్‌కే తగిలేది) వేయండి. పాత డెస్క్‌టాప్‌కి పెట్టే ఖర్చుల్లో ఇంత కళ్లకు కనిపించే ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదని నా అభిప్రాయం. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం అంతకు ఎన్నో రెట్లు. అయినా రోజువారీ వాడకంలో ఆ రెండింటి మధ్య తేడా పెద్దగా తెలియదు. పైగా చాలా పాత మదర్‌బోర్డులు (భాగాలన్నీ అమరే ప్రధాన బోర్డులు) ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావు. బోర్డు మీద ఎం.2 స్లాట్ (చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉంది కదా అని తొందరపడకండి, కొన్ని ఎం.2 స్లాట్లు సాటా రకాన్నే తీసుకుంటాయి. బోర్డు మాన్యువల్ చూశాకే కొనండి. పాత హార్డ్ డిస్క్‌ని సినిమాలకీ ఫొటోలకీ ఉంచుకోవచ్చు. అయితే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రాంతో దాని ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (డిస్క్‌లో పాడైన, పాడైనట్టు అనుమానమున్న చోట్లు) పెరుగుతూ ఉంటే అప్‌గ్రేడ్ సంగతి పక్కన పెట్టి, వెంటనే డేటా వేరేచోటికి కాపీ చేసుకోండి.

సమస్య: మొదట బాగానే ఉంటుంది, నాలుగు ప్రోగ్రాంలూ ఇరవై ట్యాబులూ తెరిచేసరికి బిగుసుకుపోతుంది

కారణం: మెమరీ నిండిపోయింది. చోటు చాలక విండోస్ కొంత డేటాని డిస్క్ మీదికి తోసి, కావాల్సినప్పుడు మళ్లీ లాక్కుంటోంది.

పరిష్కారం: మెమరీ గ్రాఫ్ 85, 90 శాతం దగ్గరే తచ్చాడుతుంటేనే ర్యామ్ కొనండి. 50 శాతం దాటని సిస్టమ్‌కి ఎంత ర్యామ్ వేసినా వేగం పెరగదు. మామూలు వాడకానికి 8 జీబీ ఇరుకు, 16 జీబీ హాయి. ర్యామ్‌లో పాత రకం డీడీఆర్3, దాని తర్వాతిది డీడీఆర్4. ఈ రెండు రకాల స్టిక్కుల అడుగున ఉండే గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోదు. ఏది కావాలో సీపీయూ-జెడ్ ప్రోగ్రాం చెబుతుంది. స్లాట్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో టాస్క్ మేనేజర్‌లోనే కనిపిస్తుంది. ఒకే పెద్ద స్టిక్ కన్నా జతగా రెండు వేస్తే మేలు, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డ్ లేని సిస్టమ్‌కి. ‘ర్యామ్ బూస్టర్’ సాఫ్ట్‌వేర్ల వల్ల మాత్రం ఒరిగేదేమీ లేదు.

సమస్య: పది నిమిషాలు గట్టిగా పని చేయగానే ఫ్యాన్ హోరు, ఆ వెంటనే వేగం పడిపోవడం

కారణం: వేడి. ప్రాసెసర్ తన పరిమితికి, చాలావాటిలో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో 3 గిగాహెర్ట్జ్ పైన ఉండాల్సిన అంకె 1 దగ్గరికి జారిపోతే అనుమానం అక్కర్లేదు.

పరిష్కారం: ఇక్కడ కొనాల్సింది ప్రాసెసర్‌కీ దాని వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఒక్కటే. పవర్ తీసేసి, హీట్‌సింక్ రెక్కల మధ్య చాపలా పేరుకున్న దుమ్ము దులపండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. హీట్‌సింక్ తీస్తే కింద పాత పేస్ట్ ఎండి సున్నంలా పెచ్చులు పెచ్చులుగా కనిపిస్తుంది. దాన్ని తుడిచేసి, కొత్తది బఠాణీ గింజంత పెట్టండి. ఇది చేయకుండా కొత్త ప్రాసెసర్ ఆలోచన పెట్టుకోవద్దు.

సమస్య: గేములు ఆగి ఆగి ఆడుతున్నాయి

కారణం తేల్చడం సులువు. జీపీయూ 95 శాతం పైనే ఉంటే లోటు గ్రాఫిక్స్ కార్డ్‌ది. అది సగంలోనే ఉండి ఫ్రేములు తగ్గుతుంటే లోటు ఎక్కువగా ప్రాసెసర్‌ది.

పరిష్కారం మాత్రం అంత సులువు కాదు. కార్డ్ కొనేముందు పవర్ సప్లై చూడాలి. కార్డ్ కూర్చునే స్లాట్ నుంచి 75 వాట్లే వస్తాయి. అంతకు మించి కావాలంటే 6 పిన్ను, 8 పిన్ను కేబుళ్లు ఉండాలి. బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో కొన్నిటికి పవర్ సప్లై ఆకారమూ కనెక్టర్లూ సొంత రకం కావడంతో బయటి యూనిట్ సరిపోదు. ప్రాసెసర్ విషయానికొస్తే, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కలిసినంత మాత్రాన సరిపోదు. ఇంటెల్ 6, 7 తరాల బోర్డులకీ 8వ తరం ప్రాసెసర్లకీ సాకెట్ పేరు 1151 అనే ఉన్నా అవి ఒకదానికొకటి పనికిరావు. ఏఎం4 సాకెట్ ఉన్న ఏఎండీ బోర్డు వాళ్లు అదృష్టవంతులు. బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే చాలా పాత బోర్డులు రైజెన్ 5000 సిరీస్ ప్రాసెసర్లని తీసుకుంటాయి.

సమస్య: అంతా బాగుంది, కానీ విండోస్ 11 ఎక్కదంటోంది

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్‌లో 8వ తరం లేదా ఏఎండీలో రైజెన్ 2000 నుంచి, కొన్ని మినహాయింపులతో, ప్రాసెసర్ కావాలి. లోపం టీపీఎం ఒక్కటే అయితే బయోస్‌లో చూడండి. పీటీటీ లేదా ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో అది ఆఫ్‌లో ఉండి ఉంటుంది, ఆన్ చేస్తే పైసా ఖర్చు లేదు. ప్రాసెసరే పాతదైతే ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవడం ఒక దారి, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి మార్చడం ఇంకో దారి. రెండో దారి పట్టేలా ఉంటే ఇప్పుడు డీడీఆర్3 ర్యామ్ కొనకండి, అది కొత్త బోర్డుకి పనికిరాదు. సాటా ఎస్‌ఎస్‌డీ అయితే నిశ్చింతగా కొనొచ్చు, రేపు కొత్త సిస్టమ్‌లోకీ వస్తుంది.