గుమ్మడి వాఫుల్ మెత్తబడుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

మామూలు వాఫుల్ (రెండు వేడి ప్లేట్ల మధ్య పిండి పోసి గళ్లుగళ్లుగా కాల్చే పలహారం) చక్కగా చేసేవాళ్లు కూడా గుమ్మడి వాఫుల్ దగ్గర తడబడతారు. వాఫుల్ మేకర్ అదే, పిండి అదే, కొత్తగా చేరింది ఒక కప్పు గుజ్జు మాత్రమే. ఆ గుజ్జులో నూటికి తొంభై పాళ్లు నీరు. వాఫుల్ పైపొర కరకరలాడాలంటే ఆ పొరలోని నీరు ఆవిరైపోవాలి. తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి వంద డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది, ఎర్రటి రంగు రాదు, పెళుసుదనమూ రాదు. అందుకే ఈ వంటలో ఏ తేడా వచ్చినా ముందు నీటి సంగతి చూడండి. అది ఎక్కడి నుంచి వచ్చింది, బయటికి పోయే దారి దొరికిందా లేదా అని ఆరా తీస్తే చాలా సమస్యలు అక్కడే తేలిపోతాయి.

అమెరికాలో ఇది అక్టోబరు, నవంబరు నెలల పలహారం. అక్కడి తెలుగు ఇళ్లలోకి పిల్లల ద్వారా వచ్చి చేరింది. ఇక్కడ మన ఊళ్లలోనూ వాఫుల్ మేకర్లు ఇళ్లకు వస్తున్నాయి, గుమ్మడికాయకైతే కొదవే లేదు. రెండు చోట్లా వచ్చే తేడాలు కొంచెం వేరు కాబట్టి రెండింటినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు కొలతలు. నలుగురికి మైదా 250 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 2 టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూను, ఉప్పు అర టీస్పూను, బ్రౌన్ షుగర్ 3 టేబుల్ స్పూన్లు, గుమ్మడి గుజ్జు 240 గ్రాములు, చిక్కటి మజ్జిగ 360 మి.లీ., గుడ్లు 2, కరిగించిన నెయ్యి లేదా నూనె 90 మి.లీ. మసాలాకు దాల్చినచెక్క పొడి 2 టీస్పూన్లు, శొంఠి పొడి 1 టీస్పూను, జాజికాయ పొడి పావు టీస్పూను, లవంగాల పొడి పెద్ద చిటికెడు. కింద చెప్పే మార్పులన్నీ ఈ కొలతల మీద చేసేవే.

పైన రంగు వచ్చింది, విరిస్తే లోపల తడిముద్ద

అందరినీ విసిగించేది ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ గుజ్జే. ఇంట్లో కాయను నీళ్లలో ఉడికించి మెదిపితే ముక్కలు మరింత నీరు పీల్చుకుంటాయి. డబ్బా గుజ్జు కొంత చిక్కగా ఉంటుంది, అయినా దాన్ని నేరుగా పిండిలో వేయడం నాకు సమ్మతం కాదు.

గుజ్జును ముందుగా పొయ్యి మీద ఇగర్చండి. వెడల్పాటి బాండీలో 240 గ్రాముల గుజ్జు వేసి, మధ్యస్థ మంట మీద అడుగంటకుండా కలుపుతూ ఉండండి. మొదట బుడగలు చిట్లి చేతి మీద పడతాయి, జాగ్రత్త. కాసేపటికి ఆ చిటపట తగ్గి గుజ్జు ముద్దకడుతుంది, రంగు ముదురుతుంది, పచ్చివాసన పోయి తీపి వాసన వస్తుంది. గరిటెతో బాండీ అడుగున ఒక గీత గీయండి. గుజ్జు వెంటనే వచ్చి ఆ గీతను కప్పేయకుండా ఉంటే ఇగిరినట్టే. తూకం వేస్తే 160 గ్రాముల దగ్గర ఉండాలి. పూర్తిగా చల్లారాకే పిండిలో కలపండి. వేడి గుజ్జు గుడ్డును ఉడికించేస్తుంది, సోడా పొంగును కూడా ముందే తెచ్చేస్తుంది. పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేకపోతే గుజ్జును పల్చటి నూలుబట్టలో కట్టి రాత్రంతా జల్లెడలో ఉంచి, కింద గిన్నె పెట్టండి. నీరు చాలావరకు దిగిపోతుంది, ఇగర్చినప్పుడు వచ్చే రుచి మాత్రం రాదు.

కాయ ఎంపికలోనూ తేడా ఉంది. అమెరికాలో హాలోవీన్‌కు ముఖాలు చెక్కే పెద్ద కాయలు వంటకు పనికిరావు. పీచు ఎక్కువ, నీరు ఎక్కువ, తీపి తక్కువ. అక్కడి డబ్బా గుజ్జుకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోర్టన్ పట్టణం పేరుపడింది. ఆ డబ్బాల్లోకి వెళ్లే డికిన్సన్ రకం గుమ్మడి, బటర్‌నట్ స్క్వాష్, మన తీపి గుమ్మడి మూడూ ఒకే జాతివి. అంటే మన సంతలో ముక్కలు కోసి అమ్మే ఎర్రటి కండ గుమ్మడి ఈ వంటకు ఏ మాత్రం తీసిపోదు. కండ ముదురు నారింజ రంగులో, గోటితో నొక్కితే గట్టిగా ఉన్న ముక్క తీసుకోండి. నీళ్లు పోయకుండా ఆవిరి మీద ఉడికించండి, లేదా ఓవెన్‌లో కాల్చండి. బూడిద గుమ్మడి వేరే జాతి, దానికి ఇక్కడ పనిలేదు. డబ్బా కొనేవాళ్లు చీటీ చదవాలి: ‘పంప్‌కిన్ పై ఫిల్లింగ్’ (పై అనే అమెరికా తీపి వంటకంలో నింపే గుజ్జు) అని ఉంటే అందులో చక్కెర, మసాలా ముందే కలిపి ఉంటాయి. దాంతో చేస్తే వాఫుల్ అంటుకుంటుంది, మాడుతుంది, కొలతలన్నీ తప్పుతాయి.

గుజ్జు సరిగానే ఉన్నా లోపల తడిగా ఉంటే మజ్జిగను చూడండి. అమెరికా వంటకాల్లో చెప్పే మజ్జిగ చిక్కగా, గరిటె జారుగా ఉంటుంది. మనం అన్నంలో పోసుకునే పల్చటి మజ్జిగ అదే కొలతలో పోస్తే పిండి నీళ్లపాలవుతుంది. మూడు వంతుల పెరుగుకు ఒక వంతు నీరు కలిపి గిలకొట్టండి, సరిపోతుంది. లోపల పచ్చిగా ఉన్న వాఫుల్‌ను పిల్లలకు పెట్టకండి, గుడ్డూ మైదా రెండూ ఉడకాలి. మళ్లీ మేకర్‌లో పెట్టి రెండు నిమిషాలు మూసి ఉంచితే చాలావరకు దారికొస్తుంది.

తీసినప్పుడు కరకర, పళ్లెంలోకి రాగానే మెత్తన

లోపలి ఆవిరి ఇంకా బయటికి వస్తుండగానే పళ్లెంలో పెడితే అది కింద ఇరుక్కుని పైపొరను తడిపేస్తుంది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఇంకా తొందరగా మెత్తబడతాయి. మూత పెట్టిన హాట్‌బాక్స్ అయితే చెప్పనే అక్కర్లేదు. తీగల జాలీ మీద విడివిడిగా పెట్టండి. జాలీ లేకపోతే పెద్ద రంధ్రాల జల్లెడను బోర్లించి వాడుకోండి.

మేకర్ మీద వెలిగే పచ్చ దీపాన్ని నమ్మకండి. చాలా మేకర్లలో ఆ దీపం లోపలి ప్లేట్ల వేడిని చెబుతుందే తప్ప వాఫుల్ ఉడికిందో లేదో దానికి తెలియదు. అంచుల నుంచి వచ్చే ఆవిరిని గమనించండి. మొదట బుసబుసా వస్తుంది, తర్వాత సన్నటి పోగులా మారుతుంది, చివరికి దాదాపు ఆగిపోతుంది. అప్పుడే మూత తీయాలి. మామూలు వాఫుల్ నాలుగు నిమిషాల్లో అయ్యే మేకర్‌లో గుమ్మడిది ఆరు నిమిషాలు పట్టినా కంగారు పడకండి.

కొవ్వు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెన్నలో సుమారు ఆరో వంతు నీరే ఉంటుంది. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు. ఈ విషయంలో మన వంటిల్లు ముందంజలో ఉంది: వెన్న బదులు నెయ్యి వేస్తే పైపొర పెళుసుగా వస్తుంది, గుమ్మడి, దాల్చినచెక్కల వాసనకు నేతి వాసన చక్కగా కుదురుతుంది. నూనె వేసినా కరకర వస్తుంది, రుచి మాత్రం కొంచెం తగ్గుతుంది. కార్న్‌ఫ్లోర్ మానకండి, అందులో జిగురు పదార్థం లేదు కాబట్టి పొర పల్చగా పెళుసెక్కుతుంది. మనం ఇక్కడ కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి పిండిని అమెరికా అంగళ్లలో కార్న్‌స్టార్చ్ అని అమ్ముతారు. అక్కడ కార్న్‌ఫ్లోర్ అని అడిగితే మొక్కజొన్న పిండి ఇస్తారు, వాఫుల్ గరగరలాడుతుంది.

మూత తీయగానే రెండు పొరలుగా చీలిపోయింది

తొందరపడి తెరిచారు. లోపల ఇంకా జావగా ఉన్నప్పుడు పై సగం పై ప్లేటును, కింది సగం కింది ప్లేటును పట్టుకుంటాయి. మూత ఎత్తుతుంటే బరువుగా అనిపిస్తే బలవంతం చేయకుండా మళ్లీ దించి ఒక నిమిషం ఆగండి. ఉడికిన వాఫుల్ తనంతట తానే వదులుతుంది.

ఉడికాక కూడా అంటుకుంటుంటే కారణాలు వేరు. మేకర్ పూర్తిగా వేడెక్కక ముందే పిండి పోస్తే, పెనం కాలకముందు పోసిన దోసెలాగే అంటుకుంటుంది. ఖాళీ మేకర్‌ను మూసి ఐదు నుంచి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. తీపి ఎక్కువైనా అంతే: బ్రౌన్ షుగర్ బదులు బెల్లం వేసేవాళ్లు 2 టేబుల్ స్పూన్లకు మించకండి, మెత్తగా తురిమి మజ్జిగలో పూర్తిగా కరిగించండి. బెల్లపు గడ్డ ఒక్కటి మిగిలినా గళ్లలో పాకంగా మారి అతుక్కుంటుంది. డబ్బాలోంచి చల్లే వంటనూనె స్ప్రేలు నాన్‌స్టిక్ ప్లేట్ల మీద క్రమంగా జిగట పొర కడతాయి. దాన్ని వదిలించడం కష్టం. బ్రష్‌తో నూనె పూయడమే మేలు. ఇరుక్కున్న ముక్కల్ని చెక్క పుల్లతో తీయండి, చాకు, ఫోర్కు వాడితే పూత లేచిపోతుంది.

ఎంతసేపైనా రంగు రాదు, లేదా రెండు నిమిషాల్లో మాడిపోతుంది

పిండిలో తప్పు వెతికే ముందు మేకర్ అడుగున అచ్చువేసిన వోల్టేజీ చదవండి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన మేకర్ 120 వోల్టులది, మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. నేరుగా పెడితే అది గుంజుకునే కరెంటు శక్తి మూడున్నర రెట్లు దాటుతుంది. వాఫుల్ మాడటం అటుంచి మేకరే కాలిపోతుంది, మంటలు లేచే ప్రమాదం ఉంది. చిన్న ట్రావెల్ అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది తప్ప వోల్టేజీని తగ్గించదు. మేకర్ వాట్ల కంటే ఎక్కువ సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని ధరకు ఇక్కడే ఒక మేకర్ కొనుక్కోవడం తెలివైన పని అని నా అభిప్రాయం.

ఇక్కడి మేకర్‌ను అక్కడికి తీసుకెళ్లినవాళ్లది దీనికి తలకిందులైన కష్టం. దానికి అందే శక్తి పావు వంతు మాత్రమే. వాఫుల్ గంటసేపు పెట్టినా తెల్లగా ఉడుకుతుంది తప్ప కాలదు. మన ఊళ్లోనే ఉన్నా వోల్టేజీ 200కు పడిపోయిన పూట వేడి ముప్పావు వంతుకు తగ్గుతుంది. అలాంటప్పుడు గీజరు, మిక్సీ నడుస్తుంటే ఆపేయండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వదిలి గోడ ప్లగ్గులోనే పెట్టండి, పిండి తక్కువ పోయండి.

వోల్టేజీ అంతా సరిగ్గా ఉండి పైన త్వరగా నల్లబడుతుంటే వేడి ఒక మెట్టు తగ్గించండి. గుమ్మడిలోనూ బ్రౌన్ షుగర్‌లోనూ తీపి ఉంది కాబట్టి ఈ పిండి మామూలు దానికంటే ముందుగా రంగెక్కుతుంది.

రబ్బరులా సాగుతోంది, పొంగలేదు

పిండిని ఎక్కువగా కలిపారు. తడి, పొడి పదార్థాలు కలిసేవరకు పదిహేను ఇరవై సార్లు తిప్పితే చాలు, చిన్న చిన్న ఉండలు ఉండనివ్వండి. మిక్సీలో వేయవద్దు. కలిపాక పది నిమిషాలు ఆగండి, గోధుమపిండి సగం కలిపితే ఇరవై నిమిషాలు. అంతకు మించి ఉంచితే సోడా పొంగు చచ్చిపోతుంది, రాత్రి కలిపి పొద్దున పోయడం ఈ పిండికి సరిపడదు. రాత్రే పొడి పదార్థాలు ఒక డబ్బాలో, ఇగిరిన గుజ్జు ఫ్రిజ్‌లో సిద్ధం చేసుకుంటే పొద్దున పని తేలిక. బేకింగ్ పౌడర్ పాతదేమో చూడాలంటే అర టీస్పూను వేడినీళ్లలో వేయండి, వెంటనే నురగలు కక్కాలి. తెల్లసొనలు విడిగా గిలకొట్టి చివర్లో మెల్లగా కలిపితే గుజ్జు బరువును తట్టుకుని వాఫుల్ తేలికగా వస్తుంది. కుటుంబమంతా ఎదురుచూసే ఆదివారం నాడు ఆ శ్రమ పడటం మంచిదే.

సబ్బు రుచి వస్తుంటే సోడా ఎక్కువైంది, లేదా మజ్జిగ బదులు పాలు పోశారు. సోడాకు పులుపు తోడు కావాలి.

మసాలా ఉన్నట్టే లేదు, లేదా నాలుక తిమ్మిరెక్కింది

పొడులు పాతబడితే రంగు మిగులుతుంది, వాసన పోతుంది. అమెరికాలో పంప్‌కిన్ పై స్పైస్ పేరుతో కలిపి అమ్ముతారు. మెకార్మిక్ కంపెనీ 1934లో దీన్ని తెచ్చింది. అందులో ఉండేవి దాదాపు మన పోపులపెట్టె పక్కనుండే సరుకులే. ఇంట్లో తాజాగా దంచుకుంటే దాని అవసరమే లేదు. ఆ మిశ్రమంలో వేసే ఆల్‌స్పైస్ (మిరియాల్లాంటి ఎండు కాయలు) దొరక్కపోతే వదిలేయండి. గరం మసాలా మాత్రం వేయకండి, ధనియాలు, జీలకర్ర తీపి పలహారంలో ఇమడవు. నెయ్యి కరిగించి, పొయ్యి ఆపి, ఆ వేడిలోనే పొడులన్నీ వేసి అర నిమిషం కలపండి. వాసన ఇల్లంతా తెలుస్తుంది, పిండిలోనూ సమంగా పరుచుకుంటుంది. దాల్చినచెక్క పొడిని జల్లించాలి, లేకపోతే చెక్క నలకలు పంటికింద పడతాయి. లవంగం ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది, జాజికాయ ఎక్కువైతే చేదెక్కుతుంది. ఆ రెండింటినీ కొలిచే వేయండి. కలిపేశాక తెలిస్తే ఆ పిండికి మసాలా లేకుండా ఇంకో సగం పిండి కలిపి పలచబరచడమే దారి.

గుడ్డు వేయని పూట విరిగిపోతున్నాయి

అమెరికాలో గుమ్మడి కాలం, మన కార్తీకమాసం చాలావరకు కలిసివస్తాయి. గుడ్డు ముట్టని ఇళ్లలో ఈ ఇబ్బంది తప్పదు. గుడ్డు వేడికి గట్టిపడి వాఫుల్‌ను నిలబెడుతుంది, ఆ పని గుమ్మడి గుజ్జు చేయలేదు. 2 టేబుల్ స్పూన్ల అవిసెగింజల పొడిని 6 టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి జిగురు వచ్చాక కలపండి. గుజ్జును సగానికి తగ్గించండి, కార్న్‌ఫ్లోర్ ఇంకో టేబుల్ స్పూను, బేకింగ్ పౌడర్ అర టీస్పూను పెంచండి. మేకర్‌లో పిండి కొంచెం తక్కువ పోసి, ఆవిరి ఆగాక కూడా మరో నిమిషం మూసే ఉంచండి. గుడ్డు వేసినంత పెళుసుగా రాదు, విరగకుండా మాత్రం వస్తుంది.

అందరూ కూర్చునేసరికి మొదటివి చల్లారిపోతున్నాయి

ఓవెన్ ఉంటే 95 డిగ్రీల దగ్గర పెట్టి, జాలీ మీద విడివిడిగా పరిచి ఉంచండి. ఓవెన్ లేనివాళ్లు వడ్డించే ముందు ఒక్కొక్కటీ వేడి మేకర్‌లో అర నిమిషం మూసి తీయండి. తేనె, మేపుల్ సిరప్ ఎవరికి వారు పళ్లెంలో పోసుకోవాలి, ముందే పోస్తే ఇంతసేపు పడిన శ్రమ తడిసిపోతుంది. మిగిలినవి పూర్తిగా చల్లారాక మధ్యలో కాగితం పెట్టి సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. తీశాక కరగనివ్వకుండా నేరుగా టోస్టర్‌లో వేయండి. మైక్రోవేవ్‌లో పెడితే లోపలి నీరు ఆవిరై పైపొరలోకి చేరి మళ్లీ మెత్తబడతాయి.