ఆనప, గుమ్మడి విత్తనం దాచే ముందు

ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే ఆ తీగ కాయలు కూరకే. వాటి గింజలు వేస్తే ఏం కాస్తుందో చెప్పలేం. నాటు రకమే చూసుకోండి.

అసలు జాగ్రత్త పూత దగ్గరే. శ్రీకాకుళం పల్లెల్లో దడి మీద పాకే గుమ్మడికి పక్కింటి గుమ్మడి పుప్పొడిని తేనెటీగలు మోసుకొచ్చేస్తాయి. అందుకే మర్నాడు విచ్చబోయే మగ మొగ్గనీ, అడుగున చిన్న పిందె ఉన్న ఆడ మొగ్గనీ సాయంత్రమే దారంతో కట్టేయాలి. తెల్లారగానే విప్పి, మగపువ్వు రేకులు తుంచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో రాసి, మళ్లీ కట్టేయాలి. కాడకి గుర్తుగా ఓ గుడ్డపీలిక. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దాని పని అప్పుడే. ఆనపకీ గుమ్మడికీ సంకరం కాదు, ఆ టెన్షన్ వద్దు.

చేదు కాయ తగిలితే ఆ తీగ విత్తనం వద్దు, కూరా వద్దు. చేదు ఆనపకాయ తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

గుర్తు పెట్టిన కాయ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి, లేకపోతే పులుసులోకి వెళ్లిపోతుంది! ఆనప తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనాలి. గుమ్మడిని ముచ్చిక ఎండాక కోసి, ఇంకో 3 వారాలు ఉంచాకే పగలగొట్టండి.

గింజలు కడిగి నీడలో ఆరబెట్టండి. విరిస్తే పుటుక్కుమనాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే, సీసాలో పోయకండి.